గచ్చుకి ఏం వేయించుకోవాలి: టైల్సా, గ్రానైటా, మార్బులా, నాపరాయా?

మా గృహప్రవేశం రోజు తెల్లవారుజామున ఆవునీ దూడనీ తోలుకొచ్చారు. దూడ గడప దాటి చకచకా లోపలికి వచ్చేసింది. ఆవు మాత్రం హాల్లో రెండడుగులు వేసి ఆగిపోయింది. ముందరి గిట్టలు అటొకటి ఇటొకటి జారుతుంటే బెదిరి తల విదిలించింది. తోలుకొచ్చినాయన "అమ్మా, గోనెపట్టాలుంటే పరవండి, కాలు విరుగుద్ది" అని కేకేశాడు. బియ్యం గోతాలు నాలుగు తెచ్చి వరసగా పరిచి, వాటిమీదే నడిపించి బయటికి పంపేదాకా నా గుండె దడదడలాడింది.

షాపులో ముఖం కనిపించేంత మెరుస్తున్నాయని ముచ్చటపడి కొన్న టైల్స్ అవి. ఆవు వెళ్ళిపోయాక చూస్తే మా అత్తయ్య గోడ పట్టుకుని నడుస్తున్నారు. ఆవిడకి అప్పటికి డెబ్భై రెండేళ్ళు. పగలంతా ఇంట్లో తిరిగే మనిషి కాళ్ళ గురించి ఆలోచించకుండా గచ్చు ఎంచానని అప్పుడు తెలిసింది.

ఆ ఏడాది వానలు తగ్గాక రెండోది బయటపడింది. పడకగది మూలన నాలుగు పలకలు కుంగాయి. మడమతో తడితే డొల్ల శబ్దం. ఊడదీసి చూస్తే కింద బెడ్ (పలకల కింద వేసే సిమెంటు పొర) పగిలి ఉంది, దాని కింద అంగుళంన్నర ఖాళీ. పునాది తవ్వినప్పుడు వచ్చిన నల్లమట్టినే మళ్ళీ లోపల నింపేశారు. నీళ్ళు పెట్టలేదు, మట్టి గట్టిపడేలా దిమ్మిస కొట్టలేదు. కట్టించిన కాంట్రాక్టరు టైల్స్ బాగాలేవన్నాడు, షాపువాళ్ళు వేసినవాళ్ళది తప్పన్నారు. డబ్బు మాత్రం మేమే పెట్టుకున్నాం.

మాది గుంటూరు. తర్వాత మా తమ్ముడు బెజవాడలో పాయకాపురం వైపు ఇల్లు కట్టుకున్నాడు. ఈసారి తొందరపడకుండా రాయి దొరికే చోట్లకి వెళ్ళాం, నాలుగైదు రకాలు పక్కపక్కన పెట్టి చూసుకున్నాం, మేస్త్రీలని విసుగొచ్చేదాకా అడిగాం. ఆ రెండిళ్ళ అనుభవంతో రాస్తున్నాను. మీరూ ఇప్పుడు నాలుగు శాంపిల్ ముక్కలు గోడకి ఆనించి, రోజుకో మాట అనుకుంటూ ఉంటే ఇది మీకే.

## షాపుకి వెళ్ళే ముందు ఇంట్లో తేల్చుకోవాల్సినవి

కింద ఏ నేల ఉంది. మొదట అడగాల్సింది ఇదే. గుంటూరు చుట్టుపక్కల చాలాచోట్ల నల్లరేగడి. వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలు తీసి కుంచించుకుపోతుంది. గ్రౌండ్ ఫ్లోర్‌లో ఆ మట్టి మీద నేరుగా బెడ్ వేస్తే పైన ఎంత ఖరీదైన రాయి పరిచినా నిలవదు. పై అంతస్తులో స్లాబు మీద వేస్తాం కాబట్టి కుంగే భయం లేదు. అక్కడ మందం, బరువు చూసుకోవాలి. 18 మిల్లీమీటర్ల గ్రానైట్ చదరపు అడుగుకి సుమారు నాలుగున్నర కిలోలు తూగుతుంది, మామూలు విట్రిఫైడ్ (నీళ్ళు పీల్చని రకం) టైల్ రెండు కిలోలు.

ఇంట్లో ఎవరున్నారు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు, పరుగులు తీసే పిల్లలు ఉంటే మెరుపుకన్నా పట్టు ముఖ్యం.

గచ్చు మీద ఏం పడుతుంది. మన ఇళ్ళలో నేల మీద చాలా జరుగుతుంది. ఎండాకాలం ఆవకాయ కలిపేది నేల మీదే. పూజలో పసుపు, కుంకుమ, కొబ్బరినీళ్ళు, దీపం నూనె ఒలుకుతాయి. చింతపండు పులుసు, నిమ్మకాయ చుక్కలు రాలుతూనే ఉంటాయి. గ్యాస్ బండ ఈడుస్తాం, బిందె జారవిడుస్తాం. కేటలాగులో ఫొటో తీసిన ఇంట్లో ఇవేవీ ఉండవు.

మళ్ళీ బాగుచేయించడం కుదురుతుందా. రాయి అయితే పదేళ్ళకి పాలిష్ పట్టిస్తే కొత్తగా అవుతుంది. టైల్ అయితే పలకే మార్చాలి, ఆ డిజైన్ అప్పటికి దొరకదు.

మొత్తం ఖర్చు. చదరపు అడుగు ధర ఒక్కటే అడిగి వచ్చేస్తాం. దానికి వేస్టేజీ, బెడ్‌కి సిమెంటు ఇసుక, కూలి, కటింగ్, అంచు పాలిష్, స్కర్టింగ్ (గోడ అడుగున వేసే పట్టీ), రవాణా, దింపుడు కూలి కలిపితేనే అసలు లెక్క. టైల్ ధర తక్కువగా కనబడి, జిగురుతో వేయించి సందుల్లో ఎపాక్సీ గ్రౌట్ నింపించేసరికి మామూలు రంగు గ్రానైట్ దగ్గరికి వచ్చేయడం మేం లెక్కేసి చూశాం.

| చూడాల్సింది | విట్రిఫైడ్ టైల్స్ | గ్రానైట్ | మార్బుల్ | నాపరాయి, తాండూరు బండ |
|---|---|---|---|---|
| నిమ్మకాయ, చింతపండు | ఏమీ కాదు | ఏమీ కాదు | మెరుపు పోయి మచ్చ పడుతుంది | మచ్చ పడుతుంది |
| పసుపు, పచ్చడి నూనె | పలక మీద పోతుంది, జాయింట్లలో నిలుస్తుంది | ముదురు రంగులో కనపడదు, లేత రంగు పీల్చుకోవచ్చు | పీల్చుకుంటుంది | పీల్చుకుంటుంది |
| బిందె, గ్యాస్ బండ పడితే | అంచు పెచ్చు లేస్తుంది | తట్టుకుంటుంది | పగలొచ్చు | మందంగా ఉంటే తట్టుకుంటుంది |
| తడిలో జారుడు | మెరిసే గ్లాసీ రకం జారుతుంది, మెరుపు లేని మ్యాట్ రకానికి పట్టు ఉంటుంది | పాలిష్ చేస్తే జారుతుంది | జారుతుంది | పాలిష్ లేకపోతే పట్టు ఉంటుంది |
| జాయింట్లు | సైజుని బట్టి | తక్కువ | తక్కువ | ఎక్కువ |
| పని సాగే వేగం | త్వరగా అవుతుంది | మధ్యస్తం | పాలిష్‌తో ఆలస్యం | మధ్యస్తం |
| పదేళ్ళ తర్వాత | పలక మార్చడమే | పాలిష్ చాలు | పాలిష్, అదీ తరచూ | పాలిష్ చాలు |

## విట్రిఫైడ్ టైల్స్

ఇప్పుడు పది ఇళ్ళు చూస్తే ఎక్కువ ఇళ్ళలో ఇవే. ఎక్కువ భాగం గుజరాత్‌లోని మోర్బీ నుంచి వస్తాయి. వీటి గొప్పతనం నీళ్ళు పీల్చకపోవడం. ప్రమాణాల ప్రకారం విట్రిఫైడ్ అనాలంటే నీటి పీల్పు అర శాతానికి మించకూడదు. షాపులో పలకని బోర్లా తిప్పి వెనక నాలుగు చుక్కలు నీళ్ళు పోసి చూడండి. నీళ్ళు ముత్యాల్లా నిలబడితే సరే. చూస్తుండగా ఇంకిపోతే అది సిరామిక్, గోడకి వాడుకోండి.

లోపల రకాలున్నాయి. జీవీటీ అంటే పైన డిజైన్ ముద్రించి గ్లేజ్ పూత పోసినది. కావలసినన్ని డిజైన్లు దొరుకుతాయి గానీ పూత పలుచన. పెచ్చు లేస్తే లోపలి వేరే రంగు కొట్టొచ్చినట్టు కనబడుతుంది. డబుల్ చార్జ్‌లో పై రంగు పొర మూడు నాలుగు మిల్లీమీటర్ల మందం ఉంటుంది, డిజైన్లు తక్కువ, అరుగుదలకి బాగా ఆగుతుంది. ఫుల్ బాడీలో పైనుంచి కిందిదాకా ఒకే రంగు. హాల్లో ఎక్కువ తిరుగుడు ఉండే ఉమ్మడి కుటుంబమైతే జీవీటీ కంటే డబుల్ చార్జ్ వైపే నా ఓటు.

సైజు విషయంలో 2×4 అడుగుల పలకలంటే అందరికీ మోజు. జాయింట్లు తగ్గుతాయి, గది పెద్దగా కనబడుతుంది, నిజమే. కానీ పొడుగు పలక మధ్యలో సన్నగా వంగి ఉంటుంది. రెండు పలకలు ముఖాముఖి ఆనించి పక్కనుంచి చూడండి, నడుమ సందు తెలుస్తుంది. అందుకే వాటిని ఇటుకల్లా సగానికి సగం తప్పించి వేయకూడదు. అలా వేస్తే ఒకదాని మధ్య ఉబ్బు పక్కదాని అంచు దగ్గరికి వచ్చి, నడిస్తే కాలికి తగులుతుంది. వరసగా వేయండి, కాదంటే మూడో వంతుకి తప్పించండి. చిన్న గదులకి 2×2 చాలు, వేస్టేజీ తగ్గుతుంది.

లెక్కలో ఒక మెలిక. డబ్బా మీద 1.44 చదరపు మీటర్లని ఉంటుంది. అంటే 15.5 చదరపు అడుగులు. చాలా షాపుల్లో డబ్బాని 16 అడుగులుగా లెక్క కడతారు. వెయ్యి అడుగుల ఇంటికి ఆ అర అడుగు తేడాలే రెండు డబ్బాలు అవుతాయి. మేస్త్రి చివరి గదికి వచ్చాక "అక్కా, నాలుగు పలకలు తగ్గినయ్" అంటే అదే షేడ్ దొరకదు. డబ్బాలన్నిటి మీదా షేడ్ నంబరు, బ్యాచ్ నంబరు ఒకటేనా అని లారీ దగ్గరే చూసుకోవాలి. దించుకున్నాక తిరిగి తీసుకోరు.

జారుడుకి ఆర్9, ఆర్10, ఆర్11 అని గుర్తులుంటాయి, అంకె పెరిగేకొద్దీ పట్టు ఎక్కువ. బాత్రూముకి, వాష్ ఏరియాకి ఆర్10 కానీ ఆర్11 కానీ అడగండి. మా అత్తయ్య గదికి మరమ్మతులో మ్యాట్ టైల్స్ వేయించాం. ఇప్పుడు ఆవిడ గోడ పట్టుకోవడం లేదు. మ్యాట్ మీద మురికి కాస్త ఎక్కువ పడుతుంది, తడిగుడ్డ కొంచెం గట్టిగా పెట్టాలి. ఆ శ్రమ నాకు ఇష్టమే.

## గ్రానైట్

రాయి మన పక్కనే దొరుకుతుంది. ప్రకాశం జిల్లా చీమకుర్తిలో నల్లటి రాయిలో బంగారు చుక్కలు మెరిసే బ్లాక్ గెలాక్సీ ప్రపంచమంతా ఎగుమతి అవుతుంది. బల్లికురవ క్వారీలు, జాతీయ రహదారి మీద మార్టూరు పాలిష్ ఫ్యాక్టరీలు గుంటూరు నుంచి ఒక్క పూటలో చూసి రాగలిగినంత దూరం. మేం పొద్దున బయల్దేరి చిలకలూరిపేట దాటి, మధ్యాహ్నానికి ఆరు యార్డులు తిరిగాం. షాపులో శాంపిల్ అరచేయంత ముక్క. యార్డులో నిలబెట్టిన పలక చూస్తేనే రాయిలో గీతలు, మచ్చలు, రంగు మార్పు తెలుస్తాయి. కొన్న పలకలకి వరస నంబర్లు సుద్దముక్కతో వేయించుకున్నాం, ఒకే బ్లాకు నుంచి కోసినవి ఒకే గదిలో పడాలని.

అక్కడ రెండు చిన్న పరీక్షలు చేయండి. గ్లాసుడు నీళ్ళు పోసి పావుగంట ఆగి తుడవండి. నల్లటి తడి మచ్చ మిగిలితే ఆ రాయి పీలుస్తుంది, వంటింటికి వద్దు. నల్ల గ్రానైట్ అయితే గోళ్ళరంగు చెరిపే ద్రవంలో తెల్లబట్ట ముంచి రుద్దండి. బట్టకి నలుపు అంటిందంటే రంగు పట్టించిన రాయి. కొన్నాళ్ళకి వెలిసిపోతుంది.

గ్రానైట్‌కి పులుపు, వేడి, గీతల భయం లేదు. చెప్పులకి అంటుకొచ్చే ఇసుక మార్బుల్‌ని గీకేస్తుంది, గ్రానైట్‌ని అంత తేలిగ్గా గీకలేదు. జాయింట్లు సన్నగా, అదే రంగు గమ్‌తో నింపితే ఒకే బండలా కనిపిస్తుంది.

కష్టాలు లేకపోలేదు. మందం పలక పలకకీ తేడాగా వస్తుంది, అందుకని జిగురుతో పలుచగా వేయడం కుదరదు, సిమెంటు మాలు మందంగా వేసి లెవెల్ చూసుకోవాల్సిందే. బాగా వేసే మేస్త్రి దొరకాలి. మోయడానికి మనుషులు ఎక్కువ కావాలి, మూడో అంతస్తు అయితే ఎక్కింపు కూలి బాగా పెరుగుతుంది. పాలిష్ గ్రానైట్ తడిస్తే టైల్ లాగే జారుతుంది. మెట్లకి గ్రానైట్ వేయిస్తే అంచున కాలు జారకుండా గాళ్ళు కొట్టించడం మర్చిపోవద్దు. నల్ల గ్రానైట్ గచ్చు మీద దుమ్ము, పాదాల ముద్రలు ఎంత తుడిచినా కనిపిస్తాయి. నలుపు వంటింటి ప్లాట్‌ఫామ్‌కి బాగుంటుంది, హాలుకి బూడిదరంగు కానీ గోధుమరంగు కానీ మేలు.

మా తమ్ముడి ఇంట్లో కింది హాలూ వంటిల్లూ బూడిదరంగు గ్రానైటే. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం మునిగినప్పుడు ఆ హాల్లో నడుములోతు నీళ్ళు రోజుల తరబడి నిలిచాయి. నీళ్ళు దిగాక గచ్చు మీద జానెడు బురద. పారలతో ఎత్తిపోసి, మూడుసార్లు కడిగాం. ప్లైవుడ్ తలుపులు ఉబ్బిపోయాయి, మంచాలు పనికిరాకుండా పోయాయి, గచ్చు మాత్రం చెక్కుచెదరలేదు. పక్కింటివాళ్ళు పడకగదిలో వేయించిన చెక్క లామినేట్ ఉబ్బి పలకలు పలకలుగా లేచి వచ్చింది. పల్లపు ప్రాంతంలో ఇల్లు కట్టేవాళ్ళు ఇది గుర్తుంచుకోండి.

## మార్బుల్

రాజస్థాన్ మక్రానా తెల్లరాయి మీద కాలు పెడితే కలిగే హాయి వేరే దేనికీ రాదు. పూజగదికి అంతా తెల్లగా ఉండాలని ఆశ ఉంటుంది. కానీ మార్బుల్ సున్నపు జాతి రాయి. నిమ్మరసం, చింతపండు, బాత్రూము కడిగే యాసిడ్, ఏది తగిలినా అక్కడ మెరుపు తినేస్తుంది. కాఠిన్యం కొలిచే మోస్ స్కేలు మీద మార్బుల్ 3, గ్రానైట్ 6 నుంచి 7, మన ఇసుక రేణువు 7. బయట నుంచి వచ్చిన ప్రతి చెప్పూ దాన్ని గీకుతుందన్న మాట.

పనిలోనూ ఓపిక కావాలి. పరిచాక మిషన్‌తో విడతలు విడతలుగా తడి పాలిష్ పట్టాలి, ఆ బురదనీళ్ళు గోడల మీదికి చిమ్ముతాయి. కాబట్టి రంగులు, చెక్కపని దాని తర్వాతే పెట్టుకోవాలి. బోరునీళ్ళ ఉప్పు, కిందినుంచి ఎక్కే చెమ్మ వల్ల పసుపు మచ్చలు తేలుతాయి. తెల్ల సిమెంటుతో బెడ్ పైపూత వేయించుకోవాలి, లేకపోతే మామూలు సిమెంటు బూడిదరంగు పైకి తేలుతుంది.

మనసు అటే లాగుతుంటే పూజగది వరకు వేయించుకోండి. అక్కడ పసుపు, కుంకుమ, నూనె పడకుండా పీట కింద ఇత్తడి పళ్ళెం పెట్టుకోండి. వంటింటికి, భోజనాల గదికి మాత్రం ఎవరడిగినా నేను వద్దనే చెబుతాను.

## నాపరాయి, తాండూరు, బేతంచర్ల బండలు

మా అమ్మమ్మ వాళ్ళది సత్తెనపల్లి దగ్గర పల్లెటూరు. వసారాలో మాచర్ల వైపు నుంచి తెచ్చిన నాపరాళ్ళు. ఏప్రిల్ మధ్యాహ్నాలు చాప కూడా వేసుకోకుండా వాటిమీదే పడుకునేవాళ్ళం. వీపు కింద చల్లగా, కొంచెం గరుకుగా, నడుమ సిమెంటు గీత ఒకటి ఒత్తుకుంటూ ఉండేది. యాభై ఏళ్ళు దాటినా ఆ రాళ్ళు ఇంకా ఉన్నాయి. నడిచి నడిచి గడప దగ్గర మాత్రం నునుపు తేలాయి.

ఇప్పుడు కొత్త ఇళ్ళలో వీటిని పేదవాళ్ళ గచ్చని పక్కన పెట్టేస్తున్నారు. నాకు అది బాధగా ఉంటుంది. తాండూరు నీలం, పసుపు బండలు, బేతంచర్ల పాలిష్ బండలు సరిగ్గా కోయించి, సమానంగా పరిపించి పాలిష్ పట్టిస్తే చూడ్డానికి చాలా అందంగా ఉంటాయి. ధర టైల్స్ కన్నా తక్కువలోనే దొరుకుతాయి. పాలిష్ చెయ్యని రాయి వానలో తడిసినా జారదు. వసారా, పెరడు, తులసికోట చుట్టూ, కారు నిలిపే చోటు, మేడమెట్లు, వీటన్నిటికీ ఇంతకన్నా మంచి రాయి నాకు తెలియదు.

లోపాలూ చెప్పాలి. ఇవీ సున్నపురాళ్ళే, పులుపు పడితే మచ్చ. యాసిడ్‌తో కడగనివ్వకండి, పని తొందరగా అవుతుందని కూలీలు పోసేస్తారు. గనిలో పొరలుగా లేచే రాయి కాబట్టి మందం ఒకేలా ఉండదు, అంచులు మూలమట్టానికి కోయించకుండా పెడితే జాయింట్లు వెడల్పు అవుతాయి. చెమ్మ నేల మీద తెల్లగా ఉప్పు తేలుతుంది. ఆవకాయ నూనె ఒలికితే వెంటనే పిండి చల్లి పీల్పించండి, ఆరనిస్తే మరక ఉండిపోతుంది.

చల్లదనం గురించి ఒక మాట. రాయి, టైల్ ఏదైనా పాదంలో వేడిని లాగుతుంది కాబట్టి చల్లగా అనిపిస్తుంది. కింది అంతస్తులో నేల తోడ్పడుతుంది. పై అంతస్తులో స్లాబు ఎండకి కాలిపోతుంటే ఏ గచ్చూ చల్లగా ఉండదు, మే నెలలో సాయంత్రం దాకా వెచ్చగానే తగులుతుంది. అక్కడ చల్లదనం కోసం రాయికి ఎక్కువ పెట్టేకన్నా ఆ డబ్బుతో డాబా మీద తెల్ల కూల్ టైల్స్ వేయించండి.

## మిగతావి

ఎర్ర ఆక్సైడ్ గచ్చు, మొజాయిక్ నాకు ప్రాణం. కానీ రుద్ది నునుపు తేల్చే పాతకాలపు చేయి ఇప్పుడు అరుదు, నల్లరేగడి మీద సన్న బీటలు ఖాయం. చెక్క లామినేట్ మన ఉక్కకి, చెదలకి, తడిగుడ్డ అలవాటుకి నప్పదు. వినైల్ (ప్లాస్టిక్) పలకలు నీళ్ళకి తట్టుకుంటాయి, అద్దె ఇంట్లో పాత గచ్చు కప్పుకోవడానికి పనికొస్తాయి.

## ఎవరికి ఏది

గుంటూరు శివార్లలో సొంత స్థలంలో కింది అంతస్తు కట్టుకుంటున్నారు, ముప్పై ఏళ్ళు అక్కడే ఉంటారు అంటే హాలుకి, వంటింటికి గ్రానైట్, పడకగదులకి మ్యాట్ టైల్స్, బయటంతా నాపరాయి. మా తమ్ముడింట్లో నేను చెప్పి వేయించింది దాదాపు ఇదే.

బెజవాడలో అపార్ట్‌మెంటు కొంటున్నారు, బిల్డరే టైల్స్ ఇస్తున్నాడు అంటే మార్పించడం కన్నా ఏ రకం, ఏ సైజు, జిగురుతో వేస్తారా మాలుతోనా అన్నది ఒప్పందంలో రాయించుకోండి. బాత్రూము వరకు ఆర్11 పలకలకి తేడా డబ్బు కట్టి మార్పించుకోండి.

అద్దెకివ్వడానికి కట్టే పోర్షన్లకి లేత రంగు కాకుండా మచ్చలు కనపడని డబుల్ చార్జ్ 2×2 పలకలు. ఒకటి పగిలినా ఆ ఒక్కటే మార్చేయొచ్చు.

డబ్బు బాగా బిగుతుగా ఉంటే ఇల్లంతా పాలిష్ తాండూరు వేయించుకుని, మిగిలింది కింద ఫిల్లింగ్‌కి పెట్టండి. చవక టైల్స్ తెచ్చి మెత్తటి నేల మీద వేయించడం కన్నా అది ఎంతో మేలు.

పెద్దవాళ్ళున్న ఇంట్లో మాత్రం గ్లాసీ వద్దు. షాపులో చెప్పులు విప్పి, పలక మీద నీళ్ళు చల్లించుకుని, అరికాలితో రుద్ది చూడండి. వీలైతే ఆ పెద్దవాళ్ళనే వెంటబెట్టుకెళ్ళండి.

## వేయించేటప్పుడు

మందం ముందే తేలాలి. ద్వారబంధాలు నిలబెట్టకముందే ఏ గదిలో ఏది వేస్తారో మేస్త్రికి చెప్పాలి. గ్రానైట్ 18 మిల్లీమీటర్లు, టైల్ 9 లేదా 10. ఆ తేడాని బెడ్‌లో సర్దాలి. లేకపోతే హాలుకి, గదికి మధ్య ఒక మెట్టు మిగిలి పెద్దవాళ్ళ కాలికి తట్టుకుంటుంది, తలుపు కింద గీసుకుంటుంది.

ఫిల్లింగ్. నల్లమట్టి తీసేయించి గ్రావెల్ కానీ ఇసుక కానీ నింపించండి. ఆరంగుళాలకొక పొర, ప్రతి పొరకీ నీళ్ళు, దిమ్మిస. తర్వాత చెదల మందు, దళసరి పాలిథిన్ షీటు, దాని మీద మూడు నాలుగు అంగుళాల కాంక్రీటు. వీలైతే ఫిల్లింగ్ చేశాక ఒక వానాకాలం గడవనివ్వండి. మా ఇంట్లో కుంగిన గదిని బాగు చేసినప్పుడు మేస్త్రి ఇనుప చువ్వతో పొడిచి చూపించాడు. మొదట జానెడు దిగింది. నింపి దిమ్మిస కొట్టించాక మళ్ళీ పొడిస్తే రెండు వేళ్ళ లోతు కూడా దిగలేదు.

బెడ్, జిగురు. వెయ్యి అడుగులకి అంగుళంన్నర బెడ్ ఒక పాలు సిమెంటుకి అయిదు పాళ్ళ ఇసుకతో వేస్తే సుమారు 20 నుంచి 22 బస్తాల సిమెంటు, ఒకటిన్నర యూనిట్ల (యూనిట్ అంటే వంద ఘనపుటడుగులు) ఇసుక పడుతుంది. పైన చల్లే సిమెంటు పాలు (నీళ్ళలో పలుచగా కలిపిన సిమెంటు) దీనికి అదనం. విట్రిఫైడ్ పలక నీళ్ళు పీల్చదు కాబట్టి సిమెంటు పాలు దానికి సరిగా అంటుకోదు. పాత అలవాటుకొద్దీ పలకల్ని తొట్టిలో నానబెట్టే మేస్త్రీలని ఆపండి, అది సిరామిక్‌కి పనికొచ్చే పద్ధతి. చదునైన బెడ్ ముందే వేయించి, ఆరాక టైల్ అడ్హెసివ్ పళ్ళ తాపీతో పరిచి వేయించండి. 20 కిలోల బస్తా 50 అడుగుల దాకా వస్తుంది. పెద్ద పలకలకి ఇది తప్పనిసరి అనుకోండి. జిగురు నాలుగు మూలలా, నడుమా అయిదు ముద్దలు పెట్టి పలక అద్దేస్తే లోపల డొల్ల మిగులుతుంది, గ్యాస్ బండ పడ్డ రోజు అక్కడే పగులుతుంది.

సందులు. స్పేసర్ లేకుండా పలకకి పలక ఆనించి వేస్తే అందంగా ఉంటుందని కొందరు అంటారు. ఒప్పుకోవద్దు. కనీసం 2 మిల్లీమీటర్లు వదలాలి, గోడల పక్కన 5 వదిలి స్కర్టింగ్‌తో కప్పాలి. ఎండకి పలకలు వ్యాకోచిస్తే చోటు లేక మధ్యలో గుడారంలా లేచిపోతాయి. రాత్రిపూట పెద్ద చప్పుడుతో లేచిన గచ్చు చూసి బాంబేమో అని బెదిరినవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. గ్రౌట్ తెల్లది వద్దు, పలక కన్నా ఒక ఛాయ ముదురు తీసుకోండి. వంటింట్లో, బాత్రూములో ఎపాక్సీ.

వాటం. నీళ్ళు పారిపోయేలా బాత్రూములో పది అడుగులకి అంగుళంన్నర వాటం ఉండాలి. గ్రౌట్ పెట్టకముందే బకెట్ నీళ్ళు గుమ్మరించి చూడండి. మూల నిలిస్తే అప్పుడే తీయించాలి, తర్వాత ఎవరూ రారు.

తట్టి చూడటం. మరునాడు రూపాయి బిళ్ళతో కానీ కర్రతో కానీ ప్రతి పలకా నాలుగు మూలలా, నడుమా తట్టండి. డొల్ల శబ్దం వచ్చినచోట సుద్దతో గుర్తు పెట్టి, ఆఖరి కూలి ఇవ్వకముందే మార్పించండి. నేను మా తమ్ముడింట్లో మోకాళ్ళ మీద కూర్చుని మూడు గంటలు తట్టాను. పదకొండు పలకలు తేలాయి. మేస్త్రి మొదట ముఖం చిట్లించినా, ఒక పలక ఎత్తి కింద ఖాళీ చూశాక తనే మిగతావి తీశాడు.

ముహూర్తం. గచ్చు పని చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే. వారంలో గృహప్రవేశమని రాత్రింబవళ్ళు పలకలు వేయిస్తారు. సిమెంటు బెడ్‌కి కనీసం వారం తడి అందాలి, జిగురుకి ఒక రోజన్నా ఆగి గ్రౌట్ పెట్టాలి. పంతులు గారితో మాట్లాడేటప్పుడే గచ్చు ముగిశాక రెండు వారాలు గడిచే తేదీ అడగండి. హోమానికి నేల మీద నేరుగా ఇటుకలు పేర్చకండి, వేడికి పలక చిట్లుతుంది. ముందు రేకు, దాని మీద రెండంగుళాల ఇసుక, ఆపైన ఇటుకలు. పాలు పొంగించే పొయ్యి కిందా అంతే. ఆవు నడిచే దారిలో గోనెపట్టాలు ముందే పరిచి ఉంచండి.

పని అయ్యాక మిగిలిన పలకల్లో రకానికి ఒక డబ్బా దాచుకోండి. డబ్బా మీది షేడ్ నంబరు, బ్యాచ్ నంబరు ఫొటో తీసి పెట్టుకోండి. మాకు మిగిలినవి మేడమెట్ల కింద ఉన్నాయి. పోయినేడు గ్యాస్ బండ దొర్లి వంటింట్లో ఒక పలక అంచు లేచిపోతే అందులోంచే తీసి మార్చాం, ఏది కొత్తదో ఇప్పుడు నేనే వెతుక్కోవాలి.